జరంత ఉంచి కోయి

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఐటీఐ పాసై నల్లగొండలో ఒక షెడ్డులో చేరిన రోజుల్లో, నాకు రాని పని ఒకటి ఉంటుందని దేవుడు దిగివచ్చి చెప్పినా నమ్మేదాన్ని కాదు. పోచంపల్లిలో మగ్గాల ఇంట పుట్టి పానా పట్టిన ఆడపిల్లనని అందరూ వింతగా చూస్తుంటే (నన్ను చూడటానికే కొందరు బండికి లేని రోగాలు చెప్పుకుంటూ వచ్చేవారు) నాకు కళ్లు నెత్తికెక్కాయి. అవి ఒక్క మధ్యాహ్నంలో కిందికి దిగాయి. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ రోజు షెడ్డులో ఉన్నది మేం డ్రైవర్ తాత అని పిలిచే ముసలాయన కారు. ఒక దొర దగ్గర ఆయన నలభై ఏళ్లు నడిపిన పాత విదేశీ బండి అది. దొర పోయాక కొనేవాళ్లు లేక, దొర పిల్లలు దాన్ని తాత వాకిట్లోనే వదిలేసి వెళ్లారట. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ కారెక్కని తన భార్యను, అవ్వను, ఎక్కించుకుని, మోత్కూరులో ఆమె తల్లిగారింటికి తానే నడుపుకుంటూ పోవాలని తాత కోరిక. గడువేమో ఆ ఒక్క రోజే. "లైసెన్సు ఇయ్యాల్టితోని అయిపోతది బిడ్డా. నా మోకాళ్లు జూసి డాక్టరు ఇగ సంతకం పెట్టనన్నడు," అన్నాడు. అవ్వ పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, సద్దిమూట ఒళ్లో పెట్టుకుని షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుంది.

బండికున్న జబ్బు ఒకటే, ఆయిల్ కారడం. ఇంజనులో తిరిగే క్రాంకు వెనక కొస బయటికి వచ్చేచోట ఆయిల్ ఆపే సీలు పోయింది. అలాంటి పాత బండ్లలో ఆ సీలు రబ్బరుది కాదు, గ్రాఫైటు పట్టించిన నల్లటి తాడు. పైన ఒక సగం, కింది మూతలో ఒక సగం గాడిలో కూర్చోబెట్టి మూత బిగించాలి. దానికోసం షెడ్డు నడిపే మా ఉస్తాద్ హైదరాబాదులో పాత సామాన్ల దుకాణాలన్నీ గాలిస్తే ఒక్కటంటే ఒక్కటి దొరికింది. పై సగం ఆయనే కూర్చోబెట్టాడు. కింది సగం నా చేతికిచ్చి, ఆయిల్ డబ్బా తేవడానికి పోతూ చెప్పాడు. "కొసలు జరంత ఉంచి కోయి బిడ్డా. మొత్తం సాఫు జేయకు."

జరంత అంటే ఎంత? కొలత లేని మాటంటే ఐటీఐ చదివిన నాకు చిన్నచూపు. పైగా మా ఇంట్లో నేసిన బట్టలో పోగు కొస బయటికి కనబడితే నాయిన ఊరుకునేవాడు కాదు. "గిట్ల తోకలు ఏలాడితె నేసినోడెవడని అడుగుతరు," అంటూ అక్కడికక్కడే కత్తిరించేసేవాడు. ఆ అలవాటే నా చేతిది కూడా. తాడును గాడిలోకి గట్టిగా ఒత్తి, కొత్త బ్లేడుతో రెండు కొసలూ మూత అంచుకు సమంగా కోసేశాను. ఎంత అందంగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. ఉస్తాద్ వచ్చి కారు కిందికి దూరి, నా మీది నమ్మకంతో చూడకుండానే మూత బిగించాడు.

మధ్యాహ్నానికి అన్నీ ఎక్కించి ఆయిల్ పోశాక, తాత స్టీరింగు ముందు కూర్చుని స్టార్ట్ చేస్తే ఇంజను మెత్తగా అందుకుంది. తాత కళ్లు తుడుచుకున్నాడు. నేను బండి కింద అట్టముక్క పరిచాను. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత లెక్కపెట్టే పని లేకుండా ధార కట్టింది.

ఉస్తాద్ ఇంజను ఆపేశాడు. "నా చెయ్యే తప్పింది కాకా," అన్నాడు తాతతో. "బోల్టు బిగిస్తుంటె పట్టు దొరకలె. నేను గూడ ముసలోన్నయిన."

"ఫికర్ జేయకు. మోత్కూరుకు బస్సులు లేవా ఏంది," అంది అవ్వ. తాత మాత్రం స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు.

నాకు అప్పుడు తెలిసొచ్చింది. మూత బిగించినప్పుడు పై తాడు కొసలూ కింది తాడు కొసలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే సందు మూసుకుంటుంది. ఆ 'జరంత' అందుకు. నా అందమైన కోత రెండు వైపులా సందు మిగిల్చింది. నేను నోరు విప్పకపోతే తప్పు ఉస్తాద్ మీదే ఉండిపోతుంది, నన్నెవరూ అడగరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాసేపు నోరు మూసుకునే ఉన్నాను. కానీ ఆయన తన కుడిచేతిని ముడుస్తూ తెరుస్తూ చూసుకుంటుంటే ఇక నావల్ల కాలేదు.

"ఉస్తాద్, నీ చెయ్యి మంచిగనే ఉంది. కొసలు నేనే సాఫుగ కోసిన."

ఆయన తిట్టినా బాగుండేది. నావైపు ఒకసారి చూసి, "కోసిన ముక్కలు యాడ పారేసినవ్?" అన్నాడు.

మా ఇంట్లో పోగుముక్క పారేయడమన్నది లేదు. ఎంత చిన్నదైనా తెగినచోట అతుకు వేయడానికి పనికొస్తుందని అమ్మ కొంగున ముడేసుకునేది. నేను పాంటు జేబులో వెతికాను. ఒక నట్టు, ఒక బస్సు టికెట్టు. రెండో జేబులో, అట్టడుగున, వేళ్లకు నల్లగా అంటుతూ రెండు ముక్కలు తగిలాయి. అరచేతిలో పెట్టి చూపిస్తే ఉస్తాద్ మొదటిసారి ఊపిరి వదిలాడు. "మీ ఇంటోళ్లకు నా సలాం చెప్పు. ఇగ కిందికి దూరు. జరంత అంటె ఎంతనో నువ్వే జూడు."

మళ్లీ ఆయిల్ దించి, మూత విప్పి, ఒక్కో కొసకు వడ్లగింజంత ముక్క అతికి, కొంచెం పైకి లేచేలా ఉంచి బిగించాను. ఆయిల్ నా జడలోకి కారుతోంది. "పొద్దు వాలుతాంది," అని తాత ఒక్కసారే అన్నాడు. అది చాలు నాకు చెమటలు పట్టడానికి.

ఈసారి ఇంజను నడుస్తుంటే నలుగురం అట్టముక్క మీదికే వంగాం. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. అట్ట పొడిగానే ఉంది.

తాత లేచి, దొరకు తీసినట్టే వంగి వెనక తలుపు తీశాడు. అవ్వ ఆ తలుపు మూసేసి, ముందుకు నడిచి ఆయన పక్క సీట్లో కూర్చుంది. "ఎనుక కూసుంటె నీ మొఖమెట్ల కనవడ్తది," అంది. చీకటి పడకముందే చేరామని మోత్కూరు నుంచి ఫోను వచ్చేదాకా నేనూ ఉస్తాదూ షెడ్డు మూయలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నాకూ ఒక షెడ్డు ఉంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు "జరంత అంటే ఎన్ని మిల్లీమీటర్లు మేడమ్" అని అడుగుతారు, ఆ రోజు నేను అడగాల్సిన మాటే. ఉతకడానికి వేసిన నా పాంటు జేబుల్లోంచి తాడుముక్కలూ దారాలూ ఏరుతూ మా ఆయన గొణుగుతాడు. పారేయొద్దంటాను. బ్లేడు పట్టుకుని తన కోత చూసుకుని మురిసిపోతున్న ఆ పిల్ల గుర్తొచ్చి, వాటిని మళ్లీ జేబులోనే వేసుకుంటాను.