రోహిణి మునిగిన సాయంత్రం

దయ్యం కనపడిందని ఎవరైనా మా ఇంటికి వస్తే, ముందు అన్నం తిన్నావా అని అడిగేదాన్ని. కడుపు కాలితే కళ్ళ ముందు ఏవేవో ఆడతాయి. పోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తారని, వాళ్ళకు మన ఇళ్ళ చుట్టూ తిరిగే పని లేదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. నేను చదివింది మూడో తరగతే. మనవరాలు రాయమని పోరుతుంటే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. మేము బెల్లంకొండలో ఉండేవాళ్ళం. మా ఆయన మిషను బడిలో పంతులు. ఊరు విడిచి వెళ్తూ ఒక దొర ఇచ్చిన ఇత్తడి దుర్బిణి ఆయన దగ్గర ఉండేది. దానితో ఆయన చేసే పని ఒక్కటే. చంద్రుడు నడుస్తూ నడుస్తూ దారిలో ఉన్న నక్షత్రాన్ని కప్పేస్తాడు. కొంతసేపటికి అది రెండో అంచున బయటపడుతుంది. కప్పిన క్షణాన్నీ, బయటపడిన క్షణాన్నీ గడియారంలో పట్టుకోవాలి. ఆ రెండు మూడేళ్ళు చంద్రుడి దారిలో రోహిణి ఉంది. ఏ సాయంత్రం కప్పుతాడో నరసరావుపేటలో ఉండే ఆయన స్నేహితుడు, లెక్కల మాస్టారు, ముందే కబురు పెట్టేవారు. ఆయనా అక్కడి నుంచి చూసేవారు.

మా ఇంట్లో దీనికి ఒక పద్ధతి ఉండేది. ఆ రోజు పొద్దున్నే మా ఆయన రైలు స్టేషనుకు నడిచి వెళ్ళి, జేబు గడియారాన్ని అక్కడి గడియారంతో సరిచేసుకుని వచ్చేవారు. చీకటి పడగానే పెరట్లో దుర్బిణి ముందు పీట వేసుకుని కూర్చునేవారు. నేను వెనక్కి తిరిగి, లాంతరు ఒత్తి తగ్గించి, గడియారం పట్టుకోవాలి. గడియారం పట్టినవాళ్ళు ఆకాశం చూడకూడదు.

మా సుగుణకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నులక మంచం మీద వెల్లకిలా పడుకుని ఉత్త కళ్ళతో చూసేది. చంద్రుడి చీకటి అంచు తగలగానే నక్షత్రం దీపం ఊదినట్టు ఆరిపోతుందట. "మునిగింది నాన్నా" అనేది. ఒక్కోసారి ఆయన కంటే ముందే. అప్పుడు ఆయన పీట మీద నుంచి లేచేవారు. నక్షత్రం బయటపడటం చూసే వంతు దానిది. వెలుగు అంచు పక్కన అది ఉత్త కంటికి ఆనదు. దుర్బిణికి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి చూసి, "తేలింది" అనేది. నేను గడియారం చూసి పలక మీద వేసేదాన్ని.

పక్కింటి మార్తమ్మ కంచె మీదుగా ఎగతాళి చేసేది. "ఏందక్కా, బావ చంద్రుడికి కాపలా ఉన్నాడంటగా. జీతమేమన్నా ఇస్తాడా?"

"కిరసనాయిలు ఖర్చు తప్ప ఏమీ రాదులే," అన్నాను.

మంచం మీద నుంచి సుగుణ అందుకుంది. "పిన్నీ, ఆ కిరసనాయిలు కూడా చంద్రుణ్ణే పోయించమంటది మా అమ్మ."

"నోరు మూసుకుని పైకి చూడవే," అన్నాను. మార్తమ్మ ఇంట్లోకి వెళ్ళిన తర్వాత కూడా దాని నవ్వు వినపడుతూనే ఉంది.

ఆ వేసవిలో ఊళ్ళోకి కలరా వచ్చింది. సుగుణను బండిలో వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాం. రాజుపాలెం దాటకముందే నా ఒళ్ళో పోయింది. అదే బండిలో వెనక్కి తెచ్చుకున్నాం.

ఫోటో ఒక్కటీ లేదు. అయినా కళ్ళు మూసుకుంటే ముఖం కనపడేది. కొన్ని నెలలు గడిచాక నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. దాని గొంతు నాకు గుర్తు రావడం లేదు. ఎప్పుడు ఏమన్నదో అన్నీ చెప్పగలను. కానీ ఆ మాటలన్నీ నా గొంతులోనే వినపడేవి. పొయ్యి ముందు కూర్చుని, అది "అమ్మా" అని ఎలా పిలిచేదో ఎంత తలచుకున్నా వచ్చేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు. బిడ్డ మళ్ళీ ఇంకోసారి చచ్చిపోతున్నట్టుండేది.

చలి తగ్గుతున్న రోజుల్లో లెక్కల మాస్టారి నుంచి కబురు వచ్చింది. మా ఆయన అప్పటిదాకా దుర్బిణిని ముట్టుకోలేదు. ఆ రోజు ఏమనుకున్నారో, స్టేషనుకు వెళ్ళి వచ్చారు.

"గడియారం పట్టుకుంటావా?" అన్నారు.

పట్టుకుంటానన్నాను.

నులక మంచం గోడకు నిలబెట్టి ఉంది. మార్తమ్మ వాళ్ళు ఇంటికి తాళం వేసుకుని గుడిలో ప్రార్థన కూటానికి వెళ్ళారు. వాడలో పిల్లలంతా అక్కడే ఉన్నారు. గాలి కూడా లేదు. నేను వెనక్కి తిరిగి ముల్లు వైపే చూస్తున్నాను.

"మునిగింది నాన్నా."

పెద్దగా కాదు. మామూలుగా, అది పడుకునే చోటు నుంచి. నా చెయ్యి అలవాటు కొద్దీ వేళను పలక మీద వేసేసింది. ఆ తర్వాత గానీ నాకు స్పృహ రాలేదు. అది దాని గొంతే. జలుబు చేసినట్టు కొంచెం బొంగురుగా, చివర సాగదీసే గొంతు. ఇన్ని నెలలుగా నేను వెతుక్కున్నది.

తిరిగి చూశాను. ఆయన దుర్బిణిలో చూడటం లేదు. కండువాతో కన్ను తుడుచుకుంటున్నారు.

"కంట్లో నీళ్ళు నిండినై. నేను చూళ్ళేదు," అన్నారు. కండువా భుజాన వేసుకుని, "నువ్వు విన్నావా?" అన్నారు.

"విన్నా."

ఆయన దుర్బిణిని చంద్రుడి రెండో అంచుకు సరిచేసి, పీట మీద నుంచి లేచి పక్కన నిలబడ్డారు, ఎప్పుడూ లేచినట్టే. మీరెందుకు లేచారని నేను అడగలేదు. తేలడం చూసే వంతు దానిది. గడియారం పట్టుకుని మళ్ళీ వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఇంకొక్క మాట, తండ్రీ, ఇంకొక్కటి, అనుకుంటూ కూర్చున్నాను. లాంతరులో నూనె అయిపోయి ఒత్తి కాలుతున్న వాసన వస్తున్నా లేవలేదు.

ఎవరూ పిలవలేదు. కూటం ముగించుకుని జనం వస్తున్న అలికిడి అయింది. తలెత్తి చూస్తే రోహిణి ఎప్పుడో బయటపడి, చంద్రుడికి దూరంగా వెలుగుతోంది.

ఆదివారం లెక్కల మాస్టారు వచ్చారు. మునిగిన వేళను తనదానితో పోల్చి చూసి, "మన ఇద్దరికీ ఎప్పుడూ ఉండే తేడానే. బాగా పట్టావయ్యా," అన్నారు. "తేలింది ఏదీ?"

"దొరకలేదు," అన్నారు మా ఆయన.

"మబ్బు పట్టిందా?"

"లేదు."

"మరి దుర్బిణి దగ్గర ఎవరున్నారు?"

నేను మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను.

దుఃఖంలో చెవులు మోసం చేస్తాయని పాస్టరు అయ్యగారు అన్నారు. కాదనలేదు. కానీ ఆ సాయంత్రం మా పెరట్లో నక్షత్రం మునగడాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ చూడని దాని వేళ నా పలక మీదికి సరిగ్గా ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

సుగుణ తర్వాత పుట్టిన కొడుకు దగ్గర ఉంటున్నాను. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సుగుణ ముఖం కూడా నాకు మసకబారింది. ఆ ఒక్క మాట మాత్రం, తలచుకున్నప్పుడల్లా దాని గొంతులోనే వినపడుతుంది. "తేలింది" అనే రెండో మాటా అది బతికుండగా ఎన్నోసార్లు అన్నదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని మెల్లగా పైకి అని చూసుకుంటాను. నా గొంతే వస్తుంది.