ఉరిమితేనే వినపడే ఫోన్

ఆ రోజుల్లో ఫోన్ అంటే ఇంటికొచ్చిన కొత్త అల్లుడితో సమానం. కూర్చోవడానికి దానికో బల్ల, బల్ల మీద పువ్వులు కుట్టిన గుడ్డ, దుమ్ము పడకుండా పైన ఇంకో గుడ్డ. సిరిసిల్లలో మా వాడకు మొదటి ఫోన్ మాదే. కానీ మా ముందు గదిలో నాలుగు సాంచాలు (మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు) ఉండేవి. కరెంటు ఉన్నంతసేపు అవి కొట్టుకునే చప్పుడులో ఫోన్ మోగినా ఒకటే, మోగకున్నా ఒకటే. అందుకని మా అవ్వ (అమ్మను మేము అలాగే పిలిచేవాళ్లం) ఒక ఉపాయం కనిపెట్టింది. వంట మధ్యలో వచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, రిసీవర్ ఎత్తి "హలో, ఎవలన్న ఉన్నరా?" అని అడిగేది. లేకపోతే "ఎవలు లేరు" అని మాకు చెప్పి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేది. (నవ్వకండి. రెండుసార్లు నిజంగానే ఉన్నారు.)

ఇక ఫోన్ సరిగ్గా వినపడేది ఎప్పుడయ్యా అంటే, కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు. మా ఊళ్లో కరెంటు పోవడానికి ఒక్క ఉరుము చాలు. ఉరిమినప్పుడేమో ఫోన్ ముట్టకూడదు. ఇది మా బాపు శాసనం. ఫోన్ పెట్టిన మనిషి పోతూ పోతూ "మబ్బు పట్టంగనే తీగ పీకెయ్యండి, ఉరుములల్ల ముట్టకండి" అని ఒక్క మాట చెప్పాడు. ఆ ఒక్క మాట మీద మా బాపు ఒక రాజ్యాంగమే రాసుకున్నాడు. "ముట్టద్దంటడు, పీకుమంటడు. ముట్టక పీకుడెట్ల?" అని తీగ సంగతి అక్కడికక్కడే కొట్టేశాడు. దాని బదులు, మబ్బు పడితే చాలు, ఫోన్ మీద గొంగడి కప్పేవాడు. పిడుగుకు ఫోన్ కనపడకుండా అన్నమాట!

ఆ రాజ్యాంగానికి సవరణలు చేసేవాడు పక్కింటి రేడియో మామ. (మొదలుపెడితే ఆపడు కాబట్టి ఆ పేరు.) రబ్బరు చెప్పులు వేసుకుంటే పిడుగు కాళ్లలోంచి దిగదని, కట్టె పీట మీద నిలబడితే మనిషి దానికి లెక్కలోకే రాడని ఆయన చెప్పేవాడు. ఎక్కడ చదివావు మామా అంటే "గివన్ని చదువుతె రావు పోరడా" అనేవాడు.

నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక, సాంచాల మధ్య అడ్డంగా తిరుగుతున్న కాలం అది. దసరా వెళ్లాక ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లు సేటు దగ్గర పత్తి కాటా గుమాస్తా పని ఉందంటే పోయి కలిశాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "బుధవారం సాయంత్రం ఫోన్ చేయిస్త. ఎత్తితె సరే, ఎత్తకుంటె ఇంకొకనికి చెప్త. సీజను నీ కోసం ఆగది" అన్నాడు. ఆ పని దొరక్కపోతే నా బతుకంతా రేడియో మామ ఉపన్యాసాలు వింటూ గడవాలి.

బుధవారం మధ్యాహ్నం నుంచి నేను ఫోన్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, మోగితే చేతికి తెలుస్తుందని. నాలుగింటికి మబ్బు పట్టింది. బాపు వచ్చి నా చెయ్యి తీసేసి గొంగడి కప్పాడు. ఫెళ్లుమని ఉరిమింది. కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో గొంగడి కింద ఫోన్ మోగింది.

"బాపూ, సేటు!"

"సేటు లేదు గీటు లేదు. దూరం జరుగు."

"ఎత్తకుంటె ఇంకొకనికి ఇస్తడే!"

"ఇయ్యనీ. పానం ఉంటె ఇంకో సేటు దొరుకుతడు."

మోగి మోగి ఆగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో చప్పుడు విని రేడియో మామ రెండు జతల రబ్బరు చెప్పులు, పీట, పప్పు గుత్తి పట్టుకుని వచ్చాడు. "పోరన్ని పీట ఎక్కియ్యి. రిసీవరు గుత్తితోని లేపాలె. అందరం వాని అంగి పట్టుకుందాం, ఏమన్నయితె గుంజుదాం" అన్నాడు. ఏమన్నా అయితే అందరికీ కలిపే అవుతుందని ఒక్కరికీ తోచలేదు. మేము వరుసలో నిలబడి, గుత్తి ఎవరు పట్టాలో తేల్చుకునేలోగా రెండోసారి మోగి ఆగింది.

మూడోసారి మోగింది. అదే క్షణంలో ఇల్లదిరేలా ఉరిమింది. రేడియో మామ తన శాస్త్రంతో సహా మంచం కిందికి పోయాడు. నేను పీట మీదే ఉండిపోయాను. బాపు నా మొహం వంక ఒక్కసారి చూశాడు. ఒక చేత్తో నన్ను వెనక్కి నెట్టి, చెప్పులు లేకుండా, ఉత్త చేత్తో, గొంగడి లాగేసి ఫోన్ ఎత్తాడు.

"హలో! ఎవలూ?... ఆఁ... ఆఁ... సరే అక్కా."

పెట్టేశాడు. గొంగడి మళ్లీ కప్పాడు.

"ఎవలు బాపూ?"

"మీ అత్తమ్మ. హుస్నాబాద్ నుంచి. ఆడ బాగ ఉరుముతాందట. ఫోన్ ముట్టకుండ్రి అని చెప్పనీకి చేసిందట. రెండు సార్లు ఎత్తకపోయేసరికి పరేషాన్ అయిందట."

అవ్వ ముందు నవ్వింది. మంచం కింద నుంచి మామ కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. సేటు ఇంకా చేయలేదు.

వాన తగ్గింది, కరెంటు వచ్చింది. వాడలో సాంచాలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. మా బాపు మావి మొదలుపెట్టలేదు. బయటికి పోయి ఇంటింటి ముందర నిలబడి, "జరసేపు ఆపుండ్రి, మా పోరనికి ఫోన్ రావాలె" అన్నాడు. కరెంటు ఉండగా సాంచాలు ఆపమనడమంటే మా వాడలో తింటున్నవాడి ముందు నుంచి కంచం లాగడమే. తిట్టుకుంటూనే ఆపారు. కరెంటు ఉండి కూడా మా వాడ అలా గమ్మున ఉండటం నేను అదే మొదలు, అదే ఆఖరు చూడటం. చీకటి పడే వేళకు ఫోన్ మోగింది. నేను "జీ సేట్, జీ సేట్" అనడం వాడంతా విన్నది. రిసీవర్ పెట్టగానే సాంచాలన్నీ మళ్లీ అందుకున్నాయి.

ఇప్పుడు నాకు ఆదిలాబాద్‌లోనే జుట్టు నెరిసింది. ఇంట్లో తీగ ఫోన్ లేదు, బాపు లేడు. జేబులో ఫోన్‌కు ఉరుములతో పేచీ లేదని నాకు బాగా తెలుసు. అయినా మొన్న టీవీలో కరీంనగర్ వైపు పిడుగులన్నారని, అక్కడ చదువుకుంటున్న నా బిడ్డకు ఫోన్ చేశాను.

"బిడ్డా, ఉరుముతాందట గద. ఫోన్ ముట్టకు."

"గది చెప్పనీకి ఫోన్ చేసినవా బాపూ?" అని పడీ పడీ నవ్వింది.

"మరి నువ్వెందుకు ఎత్తినవే?"

"ఎత్తకుంటె పరేషాన్ అయితవని ఎత్తిన."

నేను అచ్చం మా అత్తమ్మలా ఫోన్ చేస్తే, అది అచ్చం మా బాపులా ఎత్తినట్టయింది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "సరే, ఇగ పెట్టెయ్యి" అన్నాను. పెట్టలేదు. ఆ వాన వెలిసేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.