ఏడో రాగి టోపీ

మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ వెళ్ళిపోయారమ్మా" అన్నారు, అంతే. నేను బేసింగ్‌స్టోక్‌లో ఆఫీసు కార్ పార్కులో ఉన్నాను. ఛాతీలో ఇన్ఫెక్షన్ అని ఆసుపత్రిలో చేర్చారని తెలుసు, శనివారం వస్తానని మాట కూడా ఇచ్చాను. ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. ఆయన విషయంలో నాకు ఎప్పుడూ భయమే ముందొస్తుంది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అప్పట్లో కోవెంట్రీలో నేను అద్దెకున్న ఇంటి గోడకు ఆనుకునే అంకుల్ వాళ్ళ ఇల్లు. ఆయన కాకినాడ వైపు మనిషి. వయసంతా కార్ల ఫ్యాక్టరీలో, రేకును కోసి వంచే ఉక్కు అచ్చులు, డైలు తయారుచేసి రిటైరయ్యారు. నేను అప్పుడే కారు విడిభాగాల కంపెనీలో డిజైన్ ఉద్యోగంలో చేరాను. నా డ్రాయింగులు తిరగేసి, బొమ్మ బాగుంది కానీ దీన్ని చేసేవాడు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడని అడిగేవారు. ఆదివారం ఆయన రైఫిల్ క్లబ్బుకు వెళ్ళేవారు. ఆంటీ ఆ రైఫిల్‌ను "మా సవతి" అనేవారు.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. వీసా మీద ఉన్నదాన్ని, పోలీసులంటేనే భయం. తుపాకీ లైసెన్సు రెన్యువల్ కోసం పోలీసాయన వాళ్ళింటికి వచ్చి టీ తాగి వెళ్ళేదాకా నేను మా ఇంట్లో కర్టెన్లు వేసుకుని కూర్చున్నాను.

ఆ పాత రైఫిల్‌కు సీసం గుండ్లు ఆయనే పోసుకునేవారు. కాల్చినప్పుడు వేడి గ్యాసుకు సీసం అడుగు చెడిపోకుండా గుండు అడుగున రాగిరేకు టోపీ తొడగాలి. గ్యాస్ చెక్ అంటారు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆయనకు కావలసిన కొలతలో బజారులో దొరక్క, వాటిని చేసే డై గరాజులో సొంతంగా తయారుచేసుకున్నారు. పైనుంచి పంచ్ అనే ఉక్కు కడ్డీ దించితే రేకులోంచి బిళ్ళ తెగి, కింది రంధ్రంలోకి దిగుతూ టోపీలా ముడుచుకుంటుంది. చెప్పుకోడానికి ఇంతే. చేస్తే మాత్రం ప్రతి టోపీకీ గోడ ఒక పక్క ఎత్తుగా, రెండో పక్క పొట్టిగా వచ్చేది.

సాయానికి నన్ను పిలిచారు. తుపాకీ బీరువా వైపు, తూటాల మందు వైపు రావద్దని, రేకూ డై మటుకే నావని మొదటిరోజే గీత గీశారు. ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు.

"గోడ సరిగ్గా లేకపోతే పట్టుండదమ్మాయ్. టోపీ ఊడిపోయి తుపాకీ గొట్టంలోనే ఉండిపోయిందనుకో, తర్వాత వచ్చే గుండు దాన్ని గుద్దుకుంటుంది. వెనకాల ఉండేది నేను."

తప్పు వెతకడంలో తొందర ఉండేది కాదు. పంచ్ మీద మార్కర్‌తో గీత పెట్టి, సగం చుట్టు తిప్పి మళ్ళీ కొట్టేవారు. ఎత్తు గోడ గీతతోపాటు తిరిగితే తప్పు పంచ్‌ది, ఉన్నచోటే ఉంటే డైది. ఒకసారికి ఒకటే మార్చాలనేవారు, రెండూ మార్చి బాగుపడితే మనం నేర్చుకున్నదేమీ లేదట. తప్పు డైదేనని తేలింది. డైలో ఎక్కడన్నది తేలలేదు. కాస్త సర్దితే కొన్ని బాగా వచ్చేవి, కొన్ని వంకరగా.

ఒక మధ్యాహ్నం ఆయనకు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. సమంగా వచ్చినవే బిస్కెట్ డబ్బాలో వెయ్యమని చెప్పి వెళ్ళారు. అప్పటికే గుప్పెడు టోపీలు చెత్తలో పడేశాను. చివరి ఏడూ వంకరగానే వచ్చాయి. ఆయన రాగిరేకు ముక్క కూడా వృథా పోనివ్వరు. వాళ్ళింట్లో అన్నం తిని వచ్చి, అంత రేకూ పాడుచేశానని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. దోసె అంచు మాడితే గిల్లేసి పెద్దవాళ్ళ ప్లేటులో వేస్తాం చూడండి, అలాగే ఎత్తు గోడను ఆకురాయితో అరగదీసి పొట్టి గోడతో సమం చేశాను. గోడంతా పొట్టిదైనా చూపుకు ముచ్చటగా ఉన్నాయి. డబ్బాలో వేసేశాను.

ఆదివారం ఆంటీ పెసరట్టు తెచ్చిచ్చి, నేను చేసిన టోపీలన్నీ గుండ్లకు తొడిగి ఆయన క్లబ్బుకు పట్టుకెళ్ళారని మాటల్లో అన్నారు. ప్లేటు పక్కన పెట్టేశాను. ఆయనకు ఫోన్ చేస్తే ఆఫ్‌లో ఉంది, రేంజ్‌లో ఫోన్లు ఆపెయ్యాలి. టాక్సీ పిలిచాను. గేటు దగ్గర దిగేసరికి లోపల చప్పుళ్ళు. వాటిలో ఆయనది ఏదో నాకు తెలియదు. గేటు దగ్గరి మనిషి నా మొహం చూసి, ఏమీ అడక్కుండా లోపలికి పరిగెత్తాడు. కాల్పులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఇంకా భయం.

అంకుల్ నడుచుకుంటూ వచ్చారు. అంతా చెప్పేశాను.

"ఎన్ని?" అన్నారు.

"ఏడండీ."

"నేను ఐదు కాల్చాను" అని వెనక్కి వెళ్ళి గొట్టం పరీక్ష చేయించారు. శుభ్రంగానే ఉంది. మిగతా తూటాలన్నీ డబ్బాలో సర్దేసి నన్ను కారెక్కించుకున్నారు.

గరాజులో మిగిలిన తూటాలన్నీ ఒక్కొక్కటే ఆయనే విప్పారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. నేను అరగదీసినవి గుడ్డ మీద పక్కకు పెట్టారు. ఆరు ఉన్నాయి. ఏడోది ఏదని అడిగాను. సంచిలోంచి టార్గెట్ కాగితం తీసి పరిచారు. నాలుగు చిల్లులు మధ్యలో దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఐదోది కాగితం అంచున.

"పాడుచెయ్యడం అందరం చేస్తాం, నేనూ బోలెడు చేశాను. అరగదీసి దాచావు చూడు, అదింకెప్పుడూ చెయ్యకు. భయమేస్తే భయమేసిందని అప్పుడే చెప్పెయ్యి" అన్నారు.

ఆంటీకి చెప్పొద్దన్నారు. ఆవిడకు ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది. క్షమించండి ఆంటీ.

ఇప్పుడు నేను బ్రేకు భాగాల డ్రాయింగుల మీద సంతకం చేస్తాను. అనుమానం వస్తే ఆ నిమిషమే లేచి పని ఆపమంటాను. ఆఫీసులో నన్ను పిరికిదాన్నంటారు. అననివ్వండి.

ఆ ఆదివారం మర్నాడు ఆయన డై ఊడదీస్తే, అది కూర్చునే చోట వెంట్రుకంత ఇనప రజను ఇరుక్కుని ఉంది. దాని మీద డై ఒరిగి కూర్చుంటోంది, అదీ అసలు తప్పు. తీసేశాక గోడలు సమంగా వచ్చాయి. ఇరవై టోపీలు మళ్ళీ నాతోనే చేయించారు. వద్దండీ, మీరే చేసుకోండి అని బతిమాలాను, వినలేదు. ప్రతిదీ నేను కొలిచాక ఆయన కొలిచారు. రెండు వారాలకు, ఆ టోపీలు తొడిగిన తూటాలు కాల్చడానికి, అతిథులను రానిచ్చే రోజున నన్ను క్లబ్బుకు తీసుకెళ్ళి, తన వెనక గీత అవతల నిలబెట్టారు.

"భయంగా ఉందా?" అన్నారు, వెనక్కి తిరిగి.

"ఉందండీ."

"నాకూ ఉంది" అన్నారు. కళ్ళజోడు సరిచేసుకుని, నెమ్మదిగా చెంపను రైఫిల్ కర్రకు ఆనించారు.