రేకు నిండా ఆకు

తునికాకు పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం ఆకు మీద కాదు, దాన్ని చేతిలో పట్టుకుని క్లాసు ముందు నిలబడ్డ ఒకమ్మాయి మీద.

తొంభైల నాటి సంగతి. సిద్దిపేటలో బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. డిగ్రీ అయిపోయాక అందులో చేరాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. కంప్యూటర్లకు కూలర్, మాకు చెమట. సారు వరంగల్‌లో పెద్ద చదువు చదివి వచ్చినవాడు. కంప్యూటర్ బొమ్మలను ఎలా చూస్తుందో చెప్పడమంటే ఆయనకు మహా సరదా. కరెంటు పోయినప్పుడల్లా మా చేత గ్రాఫ్ కాగితాలు తీయించేవాడు. నల్ల గడి అంటే ఒకటి, తెల్ల గడి అంటే సున్నా. మూడు అడ్డం, మూడు నిలువు గడులున్న చిన్న చతురస్రాన్ని బొమ్మ మీద గడి గడికీ జరపాలి. దాని కింద అన్ని గడులూ నల్లగా ఉంటేనే నడిమి గడిని నల్లగా ఉంచితే ఎరోజన్. బొమ్మ అంచులు అరిగిపోతాయి. ఒక్క నల్ల గడి తగిలినా నడిమిదాన్ని నల్లగా చేస్తే డైలేషన్. బొమ్మ ఉబ్బుతుంది. నేను దీన్ని సూత్రంతో సహా బట్టీ పట్టాను. ఇదంతా ఎందుకు చేస్తారో మాత్రం తలకెక్కలేదు.

ఆ అమ్మాయి బట్టీ పట్టేది కాదు. బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి, మోపెడ్ మీద వచ్చేది. తప్పు చెప్పినా నవ్వేది, ఆమెతో పాటు సారూ నవ్వేవాడు. నేను తప్పు చెబితే ఎవరూ నవ్వేవారు కాదు, ఊరికే చూసేవారు. ఆమె దగ్గరికి వస్తే పౌడరు వాసన. నా చేతులకు పొగాకు వాసన. ఇంట్లో అవ్వా నేనూ, అంటే అమ్మా నేనూ, చాటలో ఆకూ పొగాకూ పోసుకుని బీడీలు చేసేవాళ్ళం. సెంటర్‌కు పోయే ముందు నిమ్మతొక్కతో చేతులు మంటపుట్టేదాకా రుద్దుకునేదాన్ని. మాది బీడీల ఇల్లని అక్కడ ఒక్కరికీ తెలియనివ్వలేదు.

కోర్సు చివర సారు మా ఇద్దరినీ పిలిచాడు.

"సాయంత్రం బ్యాచికి చెప్పెతందుకు ఒకరు కావాలె. మీరిద్దరు కొత్తోళ్లకు ఎరోజన్, డైలేషన్ చెప్పున్రి. ఎవరు చెప్తె వాళ్లకు సమజైతదో, వాళ్లనే పెట్టుకుంట."

ఆ పని నాకు కావాలి. అవ్వ అప్పటికే చెప్పేసింది: "కోర్సు ఒడిసినంక నౌకరన్న దొర్కాలె, లేకుంటె దినమంత చాట ముందట కూసోవాలె." ఆమెకు ఆ ఉద్యోగం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అయినా బతుకమ్మ ఆడటానికి రమ్మంటే వచ్చినంత తేలిగ్గా పోటీకి ఒప్పుకుంది. ఆ తేలికే నాకు కడుపుమంట.

ఒకరోజు నా నోట్సు కోసం ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసింది. ఒళ్ళోని చాట దాచేలోపే గడపలో నిలబడింది. నాకు చచ్చినంత పనైంది. ఆమె మాత్రం చక్కా వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

"గీ ఆకెందుకు పక్కకు పెట్టినవ్?"

"బొక్క ఉన్నది," అన్నాను విసుగ్గా. బీడీలు చుట్టే తునికాకును ఒక రేకుముక్క కొలతకు కత్తిరించాలి. ఆ ముక్క నా చేతిలోనే ఉంది. "రేకు ఎటు జరిపినా బొక్క మీదికే వస్తున్నది. రేకు నిండ ఆకుంటెనే కొయ్యాలె."

ఆమె నోట్సు సంగతి మరిచిపోయి, రేకును ఆకు మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. అవ్వ చాయ్ పోసి ఇచ్చింది. ఆ పిల్ల వంకరగా కోసిన ఆకును చూసి అవ్వ పకపకా నవ్వి, "మంచిగనే కోస్తవు బిడ్డా," అంది. బుద్ధెరిగినప్పటి నుంచీ కోస్తున్నాను, ఒక్క ఆకైనా మంచిగుందని అవ్వ నాతో అన్న పాపాన పోలేదు.

పోటీ రోజున మొదట ఆమె లేచింది. బ్యాగులోంచి తునికాకు, రేకుముక్క తీసింది. మా రేకే. నేను లేనప్పుడు వచ్చి అవ్వనడిగి తీసుకుపోయిందట.

"రేకును ఆకు మీద జరుపుకుంట పోవాలె. రేకు నిండ ఆకుంటెనే ఉంచుతం, లేకుంటె లేదు. గంతే, ఎరోజన్."

అక్షరం పొల్లు పోకుండా నా మాట! వెనక బెంచీల వాళ్ళు కూడా ముందుకు వంగి విన్నారు.

"గిది ఏడ చూసినవమ్మా?" అని సారు మురిసిపోతూ అడిగాడు.

ఆమె నా వైపు ఒకసారి చూసి, "తెలిసినోళ్ల ఇంట్ల సార్," అంది. నా గుట్టు కాపాడింది. దాంతో నాకు ఇంకా మండింది. నా మాట ఎత్తుకుపోయిందని కసిదీరా తిట్టుకుందామంటే, ఆ మంచితనం కూడా తనకే కావాలా?

"డైలేషన్ అంటె దీనికి ఉల్టా," అని ఆమె కొనసాగించింది. "రేకు కొస తాకినా సాలు, ఉంచుతం. ఎరోజన్ చేసి డైలేషన్ చేస్తె, పోయిన ఆకు మల్ల మొత్తం వస్తది."

"రాదు!" అంటూ లేచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"ఎట్ల చెప్తున్నవు?" అన్నాడు సారు.

సూత్రం నాలుక చివరనే ఉంది. అది చెప్పి కూర్చుంటే నా గుట్టు భద్రం. కానీ ఆ ఆకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"గా ఆకు మా ఇంటిది సార్. గా రేకు మా అవ్వది. మేం బీడీలు చేస్తం."

వెళ్ళి ఆమె చేతిలోంచి ఆకు లాక్కున్నాను. బోర్డు మీద గడులు గీసి, కాడతో సహా ఆకు బొమ్మ వేశాను.

"కాడ సన్నగుంటది. రేకు యాడ పెట్టినా దాని మీద నిండదు. అందుకే ఎరోజన్ చేస్తె కాడ మొత్తం పోతది. డైలేషన్ చేస్తె మిగిలిన ఆకు ఉబ్బుతది. కాడ యాడికెల్లి వస్తది? దాని ముక్క ఒక్కటన్న మిగలాలె గద."

కాడ గడులన్నీ చేత్తో చెరిపేశాను. తర్వాత ఆకు అంచులు కూడా చెరిపి, మళ్ళీ చుట్టూ నింపుకొచ్చాను. ఆకు ఇంచుమించు తిరిగి వచ్చింది, కాడ రాలేదు. చెబుతుండగానే నాకు తలకెక్కింది: బొమ్మకు అంటుకున్న సన్నటి చెత్తను వదిలించడానికే ఇదంతా చేస్తారు. సారు ఆ పని నాకే ఇచ్చాడు.

ఆమె మొహం మాడుతుందేమోనని చూశాను. చూడాలనే చూశాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమే. "కాడ సంగతి నాకు తట్టనే లేదే!" అని నవ్వుతూ రేకును నా చేతిలో పెట్టి, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయింది. ఓడిపోవడం కూడా ఆమెకే చక్కగా వచ్చింది. నేను ఓడితే ఆ నవ్వు నాకు వచ్చేది కాదు. ఆమె ఇంట్లో చాట లేదు కదా.

ఇంటికి వెళ్ళి చెబితే అవ్వ చేతిలోని బీడీ పక్కన పెట్టి సంబరపడింది. అంతలోనే, "మరి గా పిల్లకు రాలేదా? అయ్యో పాపం," అంది. "రేపు తోల్కరా బిడ్డా, చాయ్ తాగి పోతది."

"రాదు," అన్నాను.