మేక నమిలిన కొంగు, ఖాలా చెప్పిన మాట

మొన్న మా మనవరాలు ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నా. నా గురించి చెప్పడానికి ఇద్దరి పేర్లు ఇవ్వమంటున్నారు, ఎవరివి ఇవ్వను?" అని అడిగింది. ఆ మాటతో నా మనసు మందమర్రిలోని మా క్వార్టరుకు పోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. బొగ్గుబాయిలో బాపు కాలు దెబ్బతిన్నాక ఆయనకు తేలిక పనేదో ఇచ్చారు గానీ, ఆ జీతంతో ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. నేను ఆసుపత్రిలో నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టాను. మన గుణగణాలు తెలిసిన, బంధువులు కాని ఇద్దరి పేర్లు ఇవ్వాలన్నారు. ఒకరు మా బడి పెద్దసారు. రెండో మనిషి దగ్గరే వచ్చింది చిక్కు.

బాపుకు పెద్దమనుషుల మీద గురి ఎక్కువ. కుంటుకుంటూ నన్ను లక్సెట్టిపేటలో ఒక వకీలు గారింటికి తీసుకుపోయాడు. ఆయన మంచివాడే. మాకు చాయ్ ఇప్పించాడు, తన పేరు ఇచ్చుకోమన్నాడు. మేం లేచి చెప్పులు తొడుక్కుంటుంటే మాత్రం, "అవునూ, పిల్ల పేరేంది?" అని అడిగాడు. తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను.

"బాపూ, గాయిన నా మొకం సుత సూడలే. రేపెవరన్న అడిగితే ఏం చెప్తడు?"

"పెద్దోళ్లు ఏం చెప్పినా నడుస్తది బిడ్డా."

నాకు మాత్రం మనసొప్పలేదు. నన్ను నిజంగా ఎరిగినవాళ్లెవరా అని ఆలోచిస్తే పక్కింటి ముస్లిం ఆవిడ గుర్తొచ్చింది, ఆమెను పిన్ని అన్నట్టుగా ఖాలా అని పిలిచేదాన్ని. కానీ నన్ను కన్న మా అవ్వకూ ఆమెకూ ఏడాదిగా మాటల్లేవు. తీగ మీద ఆరేసిన మా అవ్వ కొత్త చీర కొంగును ఖాలా మేక తీరుబడిగా నమిలింది. అవ్వ ఒక మాటంటే ఖాలా రెండంది. అప్పటినుంచి ఇద్దరూ ఏం చెప్పుకోవాలన్నా మధ్యగోడకే చెప్పేవాళ్లు. "ఎవరివో పాలు పొంగుతున్నయ్" అని అవ్వ గోడకు చెప్తే, అవతల గిన్నె దించిన చప్పుడయ్యేది.

అవ్వ నీళ్లకు పోయిన సమయం చూసి పక్కింటికి వెళ్లాను. నేను వచ్చిన పని విని ఖాలా మధ్యగోడ వైపు చూసింది.

"మీ అవ్వకు తెలుసా?"

"తెల్వది ఖాలా."

"నేను ఉన్నదున్నట్టు చెప్తా బేటీ. మంచి చెప్తా, చెడు సుత చెప్తా. జర సోచాయించుకో, తర్వాత నన్ను అనకు."

"చెప్పు," అన్నాను.

సంగతి విని బాపు తల పట్టుకున్నాడు. "వకీలును ఇడిసి గామె పేరిచ్చినవా? మీ అవ్వకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తది!"

పది పదిహేను రోజులకు ఒక మధ్యాహ్నం ఆసుపత్రి పెద్ద నర్సమ్మ మా వాడకొచ్చి, నేరుగా ఖాలా ఇంట్లోకి వెళ్లింది. మా ఇంట్లో అవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. మధ్యగోడ పైకప్పు దాకా లేదు, అవతలి ప్రతి మాటా వినబడేది.

"ఆ పక్కింటి అమ్మాయి మీకేమవుతుంది?" అంది నర్సమ్మ.

"ఏం గాదు. వాళ్ల అవ్వకూ నాకూ మాటల్లేవు."

"మరి మీ పేరెందుకిచ్చింది?"

"గదే నాకు సుత సమజ్ కాలే," అని ఖాలా నిట్టూర్చింది. "మొండిదమ్మా గా పిల్ల. ఒక్క మాట పడది. పాలు పొయ్యి మీద పెట్టి పరాకుగుంటది." నేను కళ్లు మూసుకున్నాను. అంతలో ఖాలా గొంతు తగ్గింది. "మా అత్త మంచాన పడ్డప్పుడు ఒళ్లంతా పుండ్లు. రోజూ వచ్చి కడిగేది, తుడిసేది. కోడలిని, నేనే కొంగుతోని ముక్కు మూసుకున్న. గీ పిల్ల మూసుకోలే. మా అత్త ఆఖరికి నన్ను పిలువలే, దీన్నే పిలిచింది. పిల్లను గట్ల పెంచింది వాళ్ల అవ్వ. మా లడాయి మాదే, గది వేరే."

అవ్వ చేతిలో చాట ఆగిపోయింది. నా వైపు చూడకుండానే కళ్లు తుడుచుకుంది. నర్సమ్మ వెళ్లిపోయాక లేచి, పొయ్యి దగ్గరి చిప్ప తీసుకుని పక్కింటి గుమ్మంలో నిలబడింది.

"జర నిప్పుంటే ఇయ్యి," అంది.

మా పొయ్యి అప్పటికే భగభగ మండుతోంది. ఆ సంగతి ఖాలాకూ తెలుసు, మా ఇంటి పొగ ఆమె ఇంట్లోకే పోయేది. అయినా ఏమీ అనకుండా రెండు నిప్పు కణికెలు చిప్పలో వేసి, "కూసో, చాయ్ పెడ్త," అంది. ఆ సాయంత్రం మా ఇంట్లో వంట బాగా ఆలస్యమైంది. బాపు ఆకలి ఆకలి అంటూనే నవ్వుకున్నాడు.

నాకు శిక్షణలో చోటు దొరికింది, ఆ తర్వాత నౌకరీ. ముప్పై ఏళ్లకు పైగా ఎందరివో పుండ్లు కడిగాను. ఖాలా వాళ్లు కొన్నాళ్లకు కరీంనగర్ వెళ్లిపోయారు. అవ్వ, బాపు, ఖాలా ఇప్పుడు ఎవరూ లేరు. ఆ వయసులో నేనెట్లా ఉండేదాన్నో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ మిగలలేదు. కాలం మనవాళ్లను తీసుకుపోయేటప్పుడు, వాళ్లెరిగిన మనల్ని కూడా కొంచెం కొంచెంగా వెంట తీసుకుపోతుంది.