గోడకు అంకితమిచ్చిన విద్య

పగలంతా ఊరివాళ్ల వీపులు కొలిచే దర్జీ, సాయంత్రం పార్కులో గోడ వైపు తిరిగి, తన వీపు వాళ్లకి చూపిస్తూ, గాజులా మెరిసే బంతిని అరచేతి నుంచి మోచేతికి, అక్కణ్ణుంచి మెడకు దొర్లిస్తాడు. మూణ్ణెల్లుగా ఈ విద్యను గోడకే అంకితమిచ్చాడు; జనం వైపు తిరిగితే బంతి పడేస్తానని భయం. “గోడంత పెద్దమనిషి లేడు, మధ్యలో లేచి వెళ్లిపోడు,” అని తనను తనే ఎద్దేవా చేసుకుంటాడు. నిన్న బంతి జారి, బెంచీ మీది ముసలావిడ కాళ్ల దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఇటు తిరిగి ఆడితేనే ఇస్తా నాయనా. రోజూ నీ వీపు చూడలేక చస్తున్నా.”

“మీ ముందు పడేస్తానేమో పిన్నిగారూ.”

“ఇప్పుడు పడేశావుగా, ఏం కొంప మునిగింది?”

దర్జీ జనం వైపు తిరిగి చెయ్యి చాపాడు, ఆవిడ బంతి ఇచ్చింది. బంతి మెడదాకా వెళ్లి, పరువు నిలిపి, వెనక్కి వస్తూ పడింది. అయినా చప్పట్లు మోగాయి. అతను వంగి జనానికి నమస్కరించాడు. ఆపైన, ఇన్నాళ్లూ ఓర్చుకున్నందుకు, గోడకి కూడా.