కుదుపు

ప్రయోగశాలలో అతన్ని అందరూ గొట్టాలాయన అనేవారు. నిలువెత్తు గాజు గొట్టంలో మిరియాలంత గాజు పూసలు నింపి, అడుగు నుంచి నీళ్ళు పంపి, అవి పూసల సందుల్లో దూరి పైకి రావడానికి ఎంత ఒత్తిడి కావాలో రాసుకోవడం అతని పని. ఫ్యాక్టరీలో రసాయనాల రియాక్టర్ కట్టాలంటే ముందు ఈ అంకె కావాలి. పద్దెనిమిదేళ్ళలో పదకొండు రిజిస్టర్లు నింపాడు. మధ్యాహ్నం ఆ గొట్టం పక్కనే స్టూలు మీద ఒక్కడే కూర్చుని క్యారేజీ విప్పేవాడు.

ఆదివారం అక్క ఫోన్ చేసేది.

"ఏరా, పూసలు కుదురుకున్నాయా?"

"కుదురుకున్నాయక్కా."

"నీకే ఒక్క సంబంధమూ కుదరలేదు."

అతనికి యాభై దాటినా ఆవిడ వేళాకోళం మానలేదు. అతనూ మానమనలేదు. వారం మొత్తం మీద అతన్ని 'ఏరా' అనేది ఆవిడొక్కతే.

కొత్తగా వచ్చిన ప్రొఫెసర్ మేడమ్ మూడుసార్లు తనే గొట్టం నింపి చూసింది. మూడుసార్లూ ఒత్తిడి అతను రాసినదానికన్నా బాగా తక్కువ వచ్చింది.

"నింపేటప్పుడు మీరు ఇంకేమైనా చేస్తారాండీ?"

"ఏమీ లేదండీ."

ఆ సాయంత్రం ఇంట్లో డబ్బాలో పంచదార పోస్తూ, తన అరచెయ్యి డబ్బాని తట్టడం చూశాడు. కుదిపితే ఇంకో గుప్పెడు పడుతుందనేది అమ్మ. గొట్టం నింపేటప్పుడూ ఆ చెయ్యి తెలియకుండానే అలా తట్టేది, పూసలు దగ్గరపడి నీళ్ళకి దారి బిగుసుకునేది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే పదకొండు రిజిస్టర్లూ చిత్తు కాగితాలే. ఆ పంచదార అలాగే వదిలేశాడు.

పొద్దున్నే వెళ్ళి చెప్పాడు.

"ఎన్నిసార్లు తడతారు?" అంది మేడమ్.

"లెక్కపెట్టలేదండీ."

"ఎంత గట్టిగా?"

"డబ్బాని తట్టినంత."

మేడమ్‌కి నవ్వొచ్చింది. అతని మొహం చూసి ఆపుకుంది.

నెల తిరిగేసరికి కుదిపే యంత్రం వచ్చింది. సరిగ్గా నాలుగు నిమిషాలు కుదుపుతుంది. ఇక ఎవరు నింపినా ఒకటే అంకె. పాత రిజిస్టర్ల అట్టల మీద 'చేత్తో కుదిపినవి, వాడరాదు' అని రాసే పని, దస్తూరీ బాగుంటుందని, అతనికే అప్పగించారు. పదకొండింటి మీదా రాశాడు.

ఆదివారం అక్కకి అంతా చెప్పాడు.

"ఉద్యోగం పోలేదు కదా?"

"లేదు."

"ఎవరూ మాట అనలేదు కదా?"

"లేదు."

"మరింకేంట్రా?"



"అది కుదిపే నాలుగు నిమిషాలూ ఏం చెయ్యాలో తెలీట్లేదక్కా."